శ్రోతల సంఖ్యయే సంగీతమునకు కొలమానమా?

ఇటీవల మన తెలుగు సంఘములలో కచేరి ముగిసిన మరునాడు వినవచ్చెడి ప్రశ్న మారినది. “ఎవరు పాడిరి? ఏమి పాడిరి?” అని అడుగువారు తగ్గినారు. “యూట్యూబులో ఎంతమంది చూచినారు?” అని అడుగువారు హెచ్చినారు. రాబోవు ఉగాదికి ఎవరిని ఆహ్వానింపవలెను, ఏ పాటను విడిచిపెట్టవలెను అను నిర్ణయములకు గూడ ఆ అంకెయే ప్రమాణమగుచున్నది. సంగీతాభిమానులమగు మేము ఈ పద్ధతిని సమ్మతింపజాలము.

క్రొత్త యంత్రములపై మాకు ద్వేషము లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేసినపుడు ఒక్కొక్క పాటకు లభించినది సుమారు మూడు నిమిషముల వ్యవధి మాత్రమే. అయినను ఆ కాలపు గాత్రములు ఎట్లుండెనో తెలిసికొనుటకు నేడు మనకు మిగిలిన సాక్ష్యములు ఆ రికార్డులే. తరువాత వచ్చిన రేడియో, సభలకు పోజాలని గృహములకు సంగీతమును చేర్చినది. 2005లో పుట్టిన యూట్యూబు పుణ్యమా అని హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను ఉన్న తెలుగు బాలిక తాను కోరిన విద్వాంసుని ఇంటనుండియే వినగలుగుచున్నది. ఇది మేలే. మా వివాదము యంత్రముతో కాదు. దాని అంకెకు మ్రొక్కువారితో.

ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో విచారింతము. స్పాటిఫైలో ఒక పాట 30 సెకండ్లు మ్రోగిన చాలును, అది ఒక వినికిడిగా లెక్కకెక్కును. తోడి రాగమును ఎత్తుకొన్న గాయకునకు 30 సెకండ్లలో షడ్జమముపై కుదురుకొనుటయే గగనము. అంతటితో విసిగి లేచిపోయినవాడును, ఇరువది నిమిషముల కృతిని కన్నులు మూసికొని తుదివరకు విన్నవాడును ఆ లెక్కలో సమానులే. 2024 నుండి, గడచిన 12 నెలలలో 1000 వినికిడులైనను లేని పాటకు ఆ సంస్థ ప్రతిఫలము చెల్లించుట మానినది. వర్తకునకు ఈ నియమము తగియుండవచ్చును. సంస్కృతి రక్షణకై వెలసిన సంఘమునకు తగునా?

యూట్యూబు లెక్క మాత్రము దైవదత్తమా? 2015 వరకు అనేక దృశ్యములకు ఆ సంఖ్య 301 వద్ద కొంతకాలము నిలిచిపోయెడిది. అటుపై వచ్చిన చూపులు మనుష్యులవో యంత్రములవో పరీక్షించుటకై అట్లు నిలిపెడివారు. 2014లో ఒక కొరియా పాటకు చూపులు 214 కోట్లు దాటుటచే, అంతకు మించిన సంఖ్యను పట్టుటకు వీలుగా లెక్కించు విధానమునే మార్చవలసి వచ్చినది. అంకెను నిర్మించినవారే దానిని శంకించి పరీక్షింతురు. మనము మాత్రము వేదవాక్యమని శిరసావహింతుము!

ఇదే కొలబద్దను మన పూర్వులకు పట్టి చూడుడు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు మనవరకు వచ్చినది ఆయన శిష్యుల మూలమున. వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము పరంపరలవారు వానిని కంఠమునను, తాళపత్రములందును, పుస్తకములందును నిలిపిరి. వీణ ధనమ్మాళ్ (1867–1938) మద్రాసు జార్జిటౌనులోని తన యింట శుక్రవారపు సాయంకాలములందు వాయించునపుడు చేరెడివారు కొలదిమంది రసికులు. క్షేత్రయ్య పదములు నేటికిని జీవించియుండుటకు ఆమె కుటుంబము చేసిన సేవ ముఖ్యకారణము. సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురమున, తమిళదేశపు నడుమ, తెలుగు లిపిలో, గమక చిహ్నములతో అచ్చయినది. ఎందరు కొందురో ముందుగా లెక్కించి కూర్చుండినచో ఆ మహాగ్రంథము వెలువడియుండునా?

“జనులు మెచ్చనిది ఎట్లు నిలుచును? యువకులు రావలెనన్న వారి అభిరుచిని గమనింపవలదా?” అని కొందరు మిత్రులు వాదింతురు. గమనింపవలసినదే. కాని ఆ సంఖ్య కేవలము అభిరుచికి గుర్తు కాదు. పలువురు చూచినదానినే యంత్రము మరి పలువురి యెదుట పెట్టుచుండును. దానిచే ఆ సంఖ్య ఇంకను పెరుగును. ఎదుటికి రానిదానిని ఎవరు మెచ్చుకొందురు?

రాష్ట్రేతరులమగు మనకు ఇందులో మరియొక ప్రమాదము కలదు. యంత్రము పాటను వెదకునది ముఖ్యముగా అక్షరములను బట్టి. మనమో, తెలుగు పాటకు పేరును ఆంగ్ల లిపిలో వ్రాసి పంపుచున్నాము. ఆ వ్రాతలో ‘పాట’యు ‘పాత’యు ఒక్కటే, ‘కల’యు ‘కళ’యు ఒక్కటే. తమిళ లిపిలో ‘బాల’కును ‘పాల’కును భేదము కానరాదు. తమిళ విద్వాంసులు తెలుగు కృతులను తమ లిపిలో వ్రాసికొని తరతరములుగా భక్తితో కాపాడినారు. వారికి మనము ఋణపడియున్నాము. కాని పదమును సరిగా పలికి అర్థమును చెప్పవలసిన బాధ్యత తెలుగు మాతృభాషగా గలవారిది. మన ఇండ్లలో తెలుగు మాటలాడుచు తెలుగు చదువజాలని పిల్లలు ఎందరో కలరు. పాటక్రింద తెలుగు అక్షరము కనబడనిచో వారికి ఆ అక్షరమును చూపునదేది?

కనుక సంఘముల కార్యవర్గములవారికి మా విన్నపము ఇది. కచేరిని 30 సెకండ్ల తునుకలుగా కోసి పంచకుడు. కృతిని పూర్తిగా ఉంచుడు. ప్రతి పాటకును సాహిత్యము, రాగము, తాళము, వాగ్గేయకారుని పేరు తెలుగు లిపిలో చేర్చుడు. ఇరుగుపొరుగు భాషల లిపులలో గూడ చేర్చినచో మరియు మంచిది. మన వృద్ధస్త్రీల నోట మిగిలిన మంగళహారతులను, పెండ్లిపాటలను వారుండగనే రికార్డు చేయించుడు. వానిని పదిమందియే విందురు గాక. ఆ పదిమందిలో నేర్చుకొనువారుందురు. ఉగాది కార్యక్రమమును నిర్ణయించుటకు కూర్చుండునపుడు మాత్రము చూపుల లెక్కను బల్లమీదికి రానీయకుడు.