యానకాలం వేరు, ప్రయాణకాలం వేరు

లండన్ నుండి పారిస్‌కు ఎంతసేపని ఎవరినైనా అడగండి. "ఎంతసేపండీ, విమానంలో గంటం పావు" అంటారు. దూరం అడిగితే సుమారు 344 కిలోమీటర్లంటారు. రెండూ నిజాలే. కాని ఆ రెంటినీ నమ్మి బయలుదేరినవాడు మోసపోవడమూ అంతే నిజం. అనుభవించి చెబుతున్నాను.

మా అబ్బాయి ఉద్యోగం లండన్‌లో. వాడిని చూడబోయినప్పుడు మేము దంపతులం రెండు రోజులు పారిస్ చూసి వద్దామనుకున్నాం. "గంటం పావే కదా నాన్నా" అన్నాడు వాడు. తెల్లవారుజామున 5 గంటలకు గడప దాటాం. హీత్రో నగరం నడిబొడ్డుకు ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరం. అక్కడ బూట్లు, బెల్టు విప్పి, మందుల సంచి తెరిచి చూపి, ఒక వరుస ముగిస్తే మరో వరుస. దిగినదైనా పారిస్‌లోనా? నగరానికి ఈశాన్యాన సుమారు 25 కిలోమీటర్ల అవతల. బసకు చేరేసరికి పదకొండున్నర. అక్కడి గడియారం ఒక గంట ముందుంటుంది కనుక దానిని తీసివేసినా ఐదున్నర గంటలు! గాలిలో ఉన్నది గంటలోపే. గంటల తరబడి నిలబడిన మోకాళ్లతో మా ఆవిడ ఆ రోజంతా గది దాటలేదు. రెండు రోజుల యాత్రలో ఒక రోజు అలా హరించుకుపోయింది.

తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి గనుక మాట దగ్గరే పట్టుకుంటాను. 'యా' ధాతువుకు పోవడమని అర్థం; యానమంటే పోవడం. దానికి 'ప్ర' అనే ఉపసర్గ చేరితే ప్రయాణం, అంటే బయలుదేరి వెళ్లడం. మన పెద్దలు ప్రయాణానికి ముహూర్తం చూసింది గడప దాటడానికే గాని బండి కదలడానికి కాదు. టికెట్లమ్మేవారు మనకు చెప్పేది యానకాలం. మనం చెల్లించేది ప్రయాణకాలం.

1919 ఆగస్టు 25న లండన్ శివారులోని హౌన్‌స్లో నుండి పారిస్ దగ్గరి లె బూర్జేకు దైనిక విమాన సర్వీసు మొదలైనప్పుడు ఆకాశంలో రెండున్నర గంటలు పట్టింది. శాస్త్రజ్ఞులు దానిని సగానికి తగ్గించారు. ఆ మిగిల్చిన కాలాన్ని మనం నేలమీది వరుసలలో రెండింతలుగా పోగొట్టుకుంటున్నాం. ఇదేమి పురోగతి?

రైలు మాటేమిటి? 1994లో సముద్రం కింద సుమారు 50 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. 2007 నవంబరు నుండి సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కితే రెండుంబావు గంటల చిల్లరలో గార్ దు నార్‌లో దిగవచ్చు. "రైలుకూ ముందుగా వెళ్లాలి, అక్కడా పాస్‌పోర్టు తనిఖీలున్నాయి, టికెట్టు ఖరీదూ ఎక్కువే" అంటారా? ఒప్పుకుంటాను. గంటన్నర ముందే వెళ్లినా స్టేషను నుండి స్టేషనుకు నాలుగు గంటలే. పైగా ఎక్కేదీ దిగేదీ నగరం నడుమనే. ఫ్రాన్సు ఈ సంగతి కొంత గ్రహించింది. రెండున్నర గంటలలోపు రైలున్న దేశీయ మార్గాలలో విమానాలు నిలిపే నిబంధనను 2023 మేలో అమలుకు తెచ్చింది. ఓర్లీ నుండి లియోన్, నాంత్, బోర్డో మార్గాలకే అది పరిమితమైనా, ఆలోచన సరైనదే.

విమానం వద్దనడం నా వాదం కాదు. సముద్రాలు దాటి వచ్చినవాణ్ణి, ఎలా అంటాను? టికెట్టు మీద యానకాలం పక్కనే నగరమధ్యం నుండి నగరమధ్యానికి పట్టే కాలమూ అచ్చువేయండి అంటున్నాను, అంతే. అందాకా మీ ఇంటి పెద్దలకు టికెట్టు కొనే ముందు "విమానం ఎంతసేపు?" అని కాక, "గడప నుండి గడపకు ఎంతసేపు?" అని అడగండి.