ఫోన్‌లో గోల్ సరే, గ్రౌండ్‌లో ఎప్పుడు?

కలువాయి నుంచి ఆత్మకూరు, నెల్లూరు కాలేజీలకు పోయే మన యానాది, ఎరుకల పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ముందు ఫోన్‌లో ఆటే. ‘ఫిఫా’ గేమ్ 2023లో ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’గా పేరు మార్చుకుందని మనకి తెలుసు. బార్సిలోనా గొప్పా, రియల్ మాడ్రిడ్ గొప్పా అని హాస్టల్లో అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. తప్పేం లేదు, మజా అంతా ఆ పంతంలోనే ఉంది.

కానీ గుగులోత్ సౌమ్య పేరు మనలో ఎంతమందికి తెలుసు? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి ఇండియా జట్టుకి ఆడుతున్న అమ్మాయి. 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కీ ఆడింది. మోహన్ బగాన్‌తో ఈస్ట్ బెంగాల్ పోరు గురించి గంటలు మాట్లాడతాం, ఆ ఎరుపు పసుపు జెర్సీ మన తండా పిల్ల వేసుకుందని మాత్రం చెప్పుకోం.

గేమ్ మానెయ్యమని అనడం లేదు. ఆఫ్‌సైడ్ ఏందో, పాస్ ఎక్కడివ్వాలో ఫోన్ నేర్పింది. దమ్ము మాత్రం గ్రౌండే ఇవ్వాలి. స్పోర్ట్స్ కోటా కూడా గ్రౌండ్‌లో ఆడినోళ్లకే.

అందుకే ప్రతి హాస్టల్‌కీ ఒక బంతి, సాయంత్రం ఒక గంట గ్రౌండ్, అమ్మాయిలకీ సమానంగా కావాలని వార్డెన్‌లకు అర్జీ పెడదాం. ఆత్మకూరు ఒకవైపు, ఉదయగిరి ఒకవైపు. అసలు డెర్బీ అప్పుడు చూద్దాం!