గోముఖమువద్ద మన పాత బట్టలు



మా బరంపురమునుండి తెలుగు కుటుంబములవారు జట్లుగా గంగోత్రి యాత్రకు పోవుట పరిపాటి. ఉద్యోగ విరమణానంతరము 2019లో నేనును నా భార్యతో పోయితిని. ఆమె గుడివద్దనే ఆగినది. నేను అటవీశాఖవారి అనుమతిపత్రముతో మరి పదునెనిమిది కిలోమీటర్లు నడచి గోముఖము చూచితిని.

అచ్చట ఆవు ముఖమువలె చెక్కిన రాయి ఏదో ఉండుననుకొంటిని. ఉన్నది మట్టి, రాళ్లు కప్పిన మంచుగోడ. దాని అడుగునుండి భాగీరథి బురదరంగున ఉరికివచ్చుచున్నది. వెనుక 7,138 మీటర్ల చౌఖంబా పాదమువరకు సుమారు 30 కిలోమీటర్ల పొడవున మంచే. ప్రక్కన శివలింగ శిఖరము చూచి చేతులు వాటంతటవే జోడింపబడినవి.

కన్నులు దించగా ఏటియొడ్డున రాళ్ల సందులలో చీరలు, పంచెలు, ప్లాస్టిక్ సీసాలు! తెలుగు అక్షరములున్న పచ్చడి సంచి కూడ ఒకటి. ఆ చలిలో బట్ట త్వరగా చివుకదు.

నేనును తక్కువవాడను కాను. తీర్థమున విడువవలెనని మా తండ్రిగారి పాత పంచె వెంట తీసికొనిపోయితిని. ఆ సంచి చూచిన పిమ్మట చేయి రాలేదు. పంచెను తిరిగి తెచ్చితిని. నా భార్య నాలుగు దినములు నాతో సరిగా మాటలాడలేదు.

1935లో కొలతలు తీసిన నాటినుండి ఆ మంచుకొస కిలోమీటరుకు మించి వెనుకకు పోయినది. భూర్జవృక్షములవలన పేరు వచ్చిన భోజ్‌బాసాలో ఆ చెట్లు వంటచెరకునకే చాలవరకు పోయినవి. అందుకే 2008లో ప్రభుత్వమువారు గోముఖమునకు దినమునకు 150 మందినే పంపునట్లు కట్టడి చేసిరి. లోకపు వేడిమి మన చేతిలో లేదని కొందరందురు. నిజమే కావచ్చును, మన చేతిసంచి మన చేతిలోనే ఉన్నది గదా!

యాత్రలు నడుపు పెద్దలకు నా మనవి యొక్కటే. బయలుదేరునపుడు తలకెన్ని సీసాలు, సంచులు ఉన్నవో పద్దు వ్రాసి, తిరిగి వచ్చునపుడు సరిచూడుడు. పాత బట్టలు ఊరిలోని బీదలకిచ్చిన పుణ్యమునకు లోటుండదు. గంగ పుట్టినచోట మన మైల వదలుట ఏ పెద్దలు చెప్పిన ఆచారము?

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
బరంపురము.