ముందు ముద్ద, పిదప పరుగు

వ్యాయామము మంచిదని ఇట్టి సంచికలలో ఏటేట ఎవరో ఒకరు వ్రాయుచునే యుందురు. మేమును వ్రాసితిమి. వ్రాసినదానిని వెనుకకు తీసికొనము. కాని ఆ మాటను ఎవరికి చెప్పుచున్నామో, ఎట్టి సమయమున చెప్పుచున్నామో చూచుకొనక చెప్పుటవలన ఒక బాలికకు కీడు చేసితిమి. ఆ సంగతిని దాచి ఈ విషయమును గూర్చి వ్రాయుట మాకు చేతకాదు.

మేము మునుపు పనిచేసిన వేఱొక పాఠశాలలో ఆమె తొమ్మిదవ తరగతి చదువుచుండెను. శ్రమదినముల ఉపవాసముల పేర ఒక పూట భోజనము మానెను. ఇంటిల్లిపాదియు భక్తిపరులగుటచే ఎవరికిని అనుమానము కలుగలేదు. ఈస్టరు పండుగ గడచినను మానిన పూట తిరిగి రాలేదు. వేసవి సెలవులు ముగిసి బడి తెఱచునాటికి రెండవ పూటయు సగమయ్యెను. మే నెల యెండలోను చలి యనెడిదట. దువ్వెన నిండ వెండ్రుకలు వచ్చెడివట. ఒకనాటి ఉదయము ప్రార్థన వేళ వరుసలో నిలువబడియే క్రింద పడెను. వైద్యుడు చూచి, నాడి మందగించినదనియు, తిండి లోపమే తప్ప వేఱు జబ్బు లేదనియు చెప్పి, కొన్ని వారములు ఇంటి యొద్దనే యుంచి తినిపింపుమనెను.

ఆమె తిరిగి బడికి వచ్చినపుడు, తినుచున్నది గదా, ఇక బాగైనట్లే యని మేమందఱము తలచితిమి. మొదటి గంటకు అరగంట ముందే వచ్చి మైదానము చుట్టు పరుగెత్తుచుండగా చూచి మిక్కిలి సంతోషించితిమి. సంతోషించి ఊరకుండలేదు. తరగతిలో అందఱి యెదుట ఆమెను నిలువబెట్టి, జబ్బుపడి లేచియు ఎంత పట్టుదల చూపుచున్నదో చూడుడని మెచ్చుకొంటిమి. మూడు వారములు తిరుగకమునుపే ఆమె మరల మంచము పట్టెను. చూడబోయిన మాతో ఆమె తల్లి, “మాష్టారూ, మీరు మెచ్చుకున్నారని ఆ మర్నాటి నుంచి ఇంకో రెండు చుట్లు ఎక్కువ పరుగెత్తిందండీ” అనెను. ఆమె మమ్ము నిందింపలేదు. నిందించినచో కొంత తేలికగా నుండెడిదేమో.

నాటినుండి ఈ విషయమును గూర్చి చదివితిమి, వైద్యులను అడిగితిమి. తెలిసికొన్నది ఇది. చాలకాలము చాలని తిండి తిని లేచుచున్న దేహమునకు ఆహారమే మొదటి చికిత్స. వ్యాయామము దాని వెనుక, వైద్యుని అనుమతితో, మెల్లగా రావలసినది. ఈ వరుస తప్పినచో తిన్నదియు వ్యర్థమగును.

వానలు తప్పిన యేట రైతు కుటుంబము ఏమి చేయునో మన పిల్లలకు తెలియును. ముందు వెండి తాకట్టు పెట్టుదురు, పిదప బంగారము. తుదకు ఎద్దులను అమ్ముకొందురు. మఱుసటి యేట పంట చేతికి వచ్చినపుడు మొదట తాకట్టు విడిపించి, ఎద్దులను కొనవలెను. ఆ తొలి ధాన్యమునే తిరునాళ్ళలో వెచ్చించినచో దుక్కికి ఎద్దులుండవు. దేహమును ఇట్లే. తిండి తగ్గగానే నిలువయున్న క్రొవ్వును, పిదప కండను కరగించుకొనును; గుండెయు కండయే గనుక అదియు క్షీణించును. నాడిని మందగింపజేసి, ఒంటి వేడిని తగ్గించి, ఎముకలకు ఈయవలసినది ఈయక, బాలికలలో నెలసరిని నిలిపివేసి, ఎట్లో ప్రాణమును కాచుకొనును. తిరిగి అన్నము వచ్చినపుడు ఈ అప్పులన్నియు తీర్చుకొనవలసి యుండును. అట్టి వేళ మైదానము చుట్టు పరుగెత్తుట యనగా అప్పులవాని చేతిలోని ధాన్యమును లాగికొనుటయే.

దీనికి గొప్ప దృష్టాంతము ఒకటి కలదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944 నవంబరు మొదలు 1945 అక్టోబరు వఱకు 36 మంది యువకులను పరీక్షించెను. వారు మనస్సాక్షి ననుసరించి యుద్ధమున ఆయుధము పట్ట నిరాకరించినవారు. యుద్ధముచే ఆకలిగొన్న ప్రజలకు తిరిగి బలము కలిగించు మార్గము తెలియునని తమంతట తామే వచ్చిరి. మొదట చక్కగా తినిపించి, పిదప 24 వారములు తిండిని సుమారు సగమునకు తగ్గించిరి. వారమునకు 22 మైళ్ళ నడక మాత్రము తప్పలేదు. వారి బరువులో నాలుగవ వంతు పోయెను. మెట్లెక్కుట కష్టమయ్యెను, వేసవిలోను చలి యనిరి, నవ్వు, స్నేహము, చదువుమీద ధ్యాస పోయి, పగలును రేయియు తిండిని గూర్చియే తలచుచుండిరి. కొందఱు వంటల పుస్తకములు చదువుకొనుచు కూర్చుండిరట! మా విద్యార్థిని కూడ లెక్కల పుస్తకము వెనుక పుటలలో వంటకముల పేర్లు వ్రాసికొన్నదని పిదప తెలిసెను. మేమది చూచి, చదువుపై శ్రద్ధ లేదని కోపపడితిమి.

ఆ పరీక్షలో మాకు ముఖ్యముగ తోచినది తరువాతి భాగము. తిరిగి తినిపించునపుడు వారిని నాలుగు జట్లుగా విభజించి, ఒక జట్టుకు కొంచెము, ఒక జట్టుకు అంతకంటె ఎక్కువగా, ఇట్లు తిండిని పెంచిరి. కొంచెమే పెంచిన జట్టువారు వారములు గడచినను కోలుకొనరైరి. విటమినులును, అదనపు మాంసకృత్తులును ఇచ్చి చూచినను, అన్నము చాలనిచోట అవి చెప్పుకొనదగిన మేలు చేయలేదు. అట్టివారు కండ పెంచుకొనుటకు నెలల తరబడి దినమునకు 4000 కెలోరీల వఱకు కావలసి వచ్చునని కీస్ తేల్చెను. వారు ఎదిగిన పురుషులు, వైద్యుల కనుసన్నలలో నున్నవారు. ఆ అంకెను పట్టుకొని ఇంటిలో ఎవరును ప్రయోగము చేయరాదు. పాఠము మాత్రము మనకు చెందును: లేచుచున్నవానికి మామూలు తిండి చాలదు.

తలిదండ్రులు ఇచ్చట ఒక ప్రశ్న వేయుదురు. “కూర్చుని తింటే ఒళ్ళు పెరిగిపోదా మాష్టారూ?” పెరుగును, పెరుగవలెను. తిరిగి తినుటయందు మొదట క్రొవ్వే వచ్చును, అదియు పొట్ట చుట్టు ముందుగా కనబడవచ్చును. కండ వెనుక నిదానముగ వచ్చును. ఈ నడుమ కాలమే మిక్కిలి అపాయకరమైనది. అద్దమున పొట్ట చూచుకొని బెదరి, తిండి తగ్గించియో పరుగు హెచ్చించియో బిడ్డ తిరిగి గోతిలో పడును. మన ఊళ్ళలో పండుగకు వచ్చిన బంధువులు ప్రేమతోనే “ఏమే, ఒళ్ళు చేశావే!” అందురు. ఆ ప్రేమ వినువానికి ఎట్లు వినబడునో ఎఱిగియుండుట మేలు.

ఎదుగు పిల్లలకు ఎంత తిండి కావలెనో పెద్దలకును సరిగా తెలియదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, 16 మొదలు 18 ఏండ్ల బాలునకు దినమునకు 3320 కెలోరీలు కావలెను; మధ్యరకపు శ్రమ చేయు పురుషునకు 2710 చాలును. అదే వయస్సు బాలికకు 2500, మధ్యరకపు శ్రమ చేయు స్త్రీకి 2130. ఇది ఆరోగ్యవంతులగు పిల్లల మాట. తీర్చవలసిన బాకీ వేఱుగ నున్నవారి మాట చెప్పనక్కఱలేదు. తండ్రికంటె కొడుకు ఎక్కువ వడ్డించుకొన్నచో తిండిపోతని పరిహసింపరాదు.

“లంఖణము పరమౌషధము” అను సామెత యొకటి మనకు అడ్డు వచ్చుచుండును. జ్వరపడి లేచినవానికి పలుచని జావయు చారునీళ్ళును పోయుచు వారములు గడపు ఇండ్లు ఇప్పటికిని కలవు. రోగి నోటికి ముద్ద రుచించు దినమునుండి ఆ సామెతను అటక మీద పెట్టవలెను. అయితే ఒక హెచ్చరిక. చాలదినములు దాదాపు ఏమియు తినక మిక్కిలి చిక్కినవారికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టుటయు ప్రాణాపాయమే. రక్తములోని ఫాస్ఫరసు, పొటాషియము వంటి లవణములు హఠాత్తుగ తగ్గి గుండె తడబడును. రెండవ ప్రపంచ యుద్ధాంతమున చెఱలనుండి విడిపింపబడినవారియందు ఈ విపత్తు చూచిరి. అట్టివారికి మొదటి దినముల భోజనము ఆసుపత్రిలో, వైద్యుని లెక్క చొప్పుననే జరుగవలెను.

ఇక బడిలోని మా పని. అట్టి బాలుడు గాని బాలిక గాని డ్రిల్లు వేళ కూర్చుండినచో సోమరి యని పిలువరాదు. వైద్యుడు సరేయన్న పిదప మొదట నడక, అదియు స్నేహితులతో మాటలాడుచు. ముందు ఏదైన తిని, పిమ్మట మఱికొంత తినవలెను: ఒక అరటిపండో, వేరుసెనగ ఉండయో, పెరుగన్నమో. బరువు నిలిచి, నాడి కుదిరి, నెలసరి సరియైన మీదటనే చెడుగుడు, ఖోఖోల మాట. ఒక వారము తిండి తగ్గినచో ఆ వారము ఆటయు ఆగవలెను. చాలినంత తినక సాధన చేయు క్రీడాకారులలో, స్త్రీలేగాక పురుషులలోను, ఎముకలు, గుండె, మనస్సు చెడునని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు ప్రకటించిరి. కనుక ఇది బలహీనుల సమస్య మాత్రమే కాదు. పతకము తెచ్చు పిల్లవాడు ఉదయము ఏమి తిని వచ్చెనో కూడ డ్రిల్లు మాష్టరుగారు అడుగవలెను. కొందఱు ఏమియు తినకయే వచ్చుచున్నారు, ఇంటిలో లేకపోవుటచేత.

మఱియొక గుఱుతు. ఒక్కదినము పరుగు తప్పినచో తల్లడిల్లుట, వానలోను జ్వరములోను మానలేకపోవుట, ఎవరును చూడకుండ చేయుట, తిన్నదానికి బదులుగ చేయుట, ఇవి పట్టుదల కాదు. ఇవి జబ్బులోని భాగములే. మేము వానినే మెచ్చుకొంటిమి. ఇట్టిది కనబడినపుడు పొగడుటయు తిట్టుటయు మాని, తలిదండ్రులకు చెప్పి, మనోవైద్యుని సాయము గూడ తీసికొనవలెను.

ఆ బాలిక కోలుకొనుటకు సంవత్సరముపైగా పట్టెను. ఆ నడుమ ఒక సాయంకాలము మైదానమున ఖోఖో జరుగుచుండగా మా యొద్దకు వచ్చి, “ఇంకా ఆడకూడదన్నారు మాష్టారూ. స్కోరు నేను రాయనా?” అనెను. పుస్తకమును పెన్సిలును ఇచ్చితిమి. వేపచెట్టు క్రింద కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొన్న నువ్వుల ఉండ తినుచు, ఆట ముగియువఱకు స్కోరు వ్రాసెను. అందులో రెండు తప్పులు దొరలినవని ఓడిన జట్టువారు చాలసేపు పోట్లాడిరి.