ఇండికేటర్ దాగుడుమూతలు ఆడుతోందా?

మీ ఇంట్లో పాత కారుందా? మారుతి 800 కావచ్చు, అంబాసిడర్ కావచ్చు. ఈ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయినా, అపురూపంగా చూసుకుంటూ ఇంకా నడుపుకుంటున్న ఇళ్లున్నాయి. అలాంటి బండ్లకు తరచూ వచ్చే జబ్బు ఒకటుంది. ఇండికేటర్ పొద్దున వెలుగుతుంది, సాయంత్రం వెలగదు. తీరా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా టిక్కు టిక్కుమంటుంది! "బాగానే ఉంది కదమ్మా" అంటాడతను. లేదా ఈ నెల ఫ్లాషర్, వచ్చే నెల స్విచ్చి అంటూ ఒక్కొక్కటే మారుస్తాడు. డబ్బు వదులుతుంది గాని జబ్బు వదలదు.

అలాగని "రేపు చూద్దాంలే" అని ఊరుకోకండి. మీరు పక్కకు తిరగబోతున్నారని వెనకాల వచ్చే స్కూటరతనికి తెలిసేది ఆ చిన్న దీపం వల్లే కదా!

వచ్చీ పోయే జబ్బు ఎప్పుడు వస్తోందో గమనిస్తే, ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఓ పేజీ దీనికి కేటాయించండి. వాన పడ్డాక పోతోందా? గతుకుల్లోనా? బ్రేకు నొక్కినప్పుడా? ఒక పక్కేనా, రెండు పక్కలా?

ఇక పరీక్షకు ఇద్దరు కావాలి. చదునైన చోట కారు ఆపి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వేయండి. ఇంజను ఆపి, తాళంచెవి మాత్రం 'ఆన్'లో ఉంచండి. ఒకరు లోపల కూర్చుంటే ఇంకొకరు చుట్టూ తిరిగి చూడాలి.

ఒక పక్కేనా? ఇండికేటర్ మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు మిణుకుమంటుంది. ఒక పక్క మాత్రం హడావిడిగా కొట్టుకుంటోందంటే, ఆ పక్క ఒక బల్బు వెలగడం లేదన్నమాట. కొన్ని పాత బండ్లలో మిణుకుమనకుండా అలాగే వెలుగుతూ ఉండిపోతుంది. తాళంచెవి తీసేసి ఆ బల్బు విప్పి చూడండి. లోపలి తీగ తెగలేదా? అయితే హోల్డరుకు చిలుము పట్టి ఉంటుంది. వానల తర్వాత వచ్చే జబ్బు చాలావరకు ఇదే. దీపం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలి, నీళ్లు లోపలికి దిగుతాయి. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. ఇత్తడే కదా అని చింతపండు పెట్టి తోమేరు సుమా! పులుపు మిగిలిందంటే మళ్లీ చిలుమే.

బ్రేకు నొక్కినప్పుడా? ఇండికేటర్ మందగించి, పక్కనున్న వేరే దీపం వెలిగీ వెలగనట్టు కనిపిస్తే వెనక దీపాల ఎర్త్ వదులైందన్నమాట. దీపాల దగ్గర కారు బాడీకి బిగించిన తీగను విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించాలి. మిక్సీ ప్లగ్గు వదులైతే ఆగి ఆగి తిరగదూ? ఇదీ అంతే.

రెండు పక్కలా పోతోందా? బల్బుల జోలికి పోకండి, అన్నీ ఒకేసారి చెడడం అరుదు. నాలుగు దీపాలూ ఒకేసారి వెలిగించే ఎర్ర త్రికోణం స్విచ్చి మీ కారుకుంటే నొక్కండి. అవి చక్కగా మిణుకుమంటే బల్బులూ వాటి తీగలూ మంచివే. అప్పుడు ఇండికేటర్ ఫ్యూజునూ, స్టీరింగు పక్కనున్న లివరునూ అనుమానించాలి. లివరును మెల్లగా కదిలిస్తుంటే వెలిగి ఆరుతోందంటే లోపలి కాంటాక్టులు అరిగినట్టే. అక్కడా బాగుంటే అప్పుడు ఫ్లాషర్ సంగతి చూడమనండి.

ఫ్యూజు పోతే అన్ని ఆంపియర్లదే వేయించండి. వెండి కాగితం, రాగి తీగ చుట్టారంటే వైరింగే కాలిపోవచ్చు. బల్బూ అంతే, పాతది 21 వాట్లయితే కొత్తదీ 21 వాట్లే. పాత ఫ్లాషర్ ఉన్న కారుకు ఎల్.ఇ.డి. బల్బు పెడితే, అది తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల బల్బు పోయినప్పటిలాగే హడావిడిగా కొట్టుకోవచ్చు.

బాగయ్యేదాకా చేతి సైగలున్నాయిగా! కుడికి తిరగాలంటే కుడిచేతిని బయటికి చాచి అరచెయ్యి ముందుకు ఉంచాలి. ఎడమకైతే అదే చేతిని గడియారం ముళ్లకు ఎదురు దిశలో గుండ్రంగా తిప్పాలి. చీకటి పడ్డాక ఈ సైగలు కనిపించవు గనుక రాత్రి ప్రయాణాలు మానుకోండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న పేజీ వెంట తీసుకెళ్లండి. వానలు మొదలవకముందే ఓ ఆదివారం పొద్దున ఈ పని కానిచ్చేయండి మరి!