ఉబ్బసం రాత్రుళ్లే ఎందుకు ముదురుతుంది?

ఉబ్బసం ఉన్నవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రాత్రి రెండు గంటలు దాటిన తర్వాతి సమయం. దగ్గు తెరలు, పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం, లేచి కూర్చుంటే తప్ప ఊపిరాడకపోవడం తెల్లవారుజామునే అధికం. తానూ ఉబ్బసంతో బాధపడిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్లోయర్ ఈ సంగతిని 1698లోనే గ్రంథస్థం చేశారు. 1988లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో 7,729 మంది రోగులను విచారిస్తే, 74 శాతం మంది వారానికి కనీసం ఒక రాత్రి ఆయాసంతో మేలుకుంటున్నట్లు తేలింది. ఆ తర్వాత మందులు ఎంతో మెరుగుపడ్డాయి. అయినా ఈ మెలకువలు జబ్బుతో పాటు ఉండేవేనని చాలామంది సరిపెట్టుకుంటున్నారు. నిజానికి అవి వైద్యం సరిగా అందడం లేదనడానికి గుర్తు.

ఆరోగ్యవంతుల్లోనూ శ్వాసనాళాలు సాయంత్రం నాలుగు ప్రాంతంలో బాగా విచ్చుకుని, తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో కాస్త ముడుచుకుంటాయి. ఆ తేడా సుమారు పది శాతమే కాబట్టి వారికి తెలియదు. ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారిలో అది సగం వరకూ ఉండవచ్చు. రాత్రివేళ వాపును అణచే కార్టిసాల్, నాళాలను విప్పి ఉంచే అడ్రినలిన్ తగ్గిపోతాయి. నాళాలను ముడుచుకునేలా చేసే వేగస్ నాడి జోరు పెరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నిలిచే గాలి తగ్గుతుంది, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పడక, నిద్ర, వెలుతురు వంటి వాటి ప్రభావాన్ని వేరుచేసి చూస్తే ఏమవుతుందని అమెరికా పరిశోధకులు 17 మంది రోగులపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. శరీరంలోని గడియారం ఒక్కటే ఊపిరితిత్తుల పనితీరును రాత్రివేళ తగ్గించగలదని అందులో రుజువైంది.

ఉబ్బసం నిద్రను చెడగొడుతుందన్నది అందరికీ తెలిసిందే. నిద్రలేమి ఉబ్బసానికి దారితీస్తుందా అన్నది కొత్త ప్రశ్న. బ్రిటన్ ప్రజల ఆరోగ్య సమాచార భాండారమైన యూకే బయోబ్యాంక్‌లోని 4,55,405 మంది వివరాలతో 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం, సరైన నిద్ర ఉన్నవారితో పోలిస్తే అస్తవ్యస్తంగా నిద్రపోయేవారిలో ఉబ్బసం ముప్పు 55 శాతం ఎక్కువ. వంశపారంపర్య ముప్పు కూడా తోడైతే అది రెట్టింపు దాటింది. ఇది పరిశీలన మాత్రమే, కారణాన్ని పూర్తిగా నిరూపించలేదు. కానీ తేలిగ్గా తీసేయదగినదీ కాదు. శాశ్వతంగా నైట్ షిఫ్టులు చేసేవారిలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఉబ్బసం 36 శాతం ఎక్కువని అదే సమాచారంతో చేసిన మరో అధ్యయనం తేల్చింది. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు ఇది దూరపు సంగతి కాదు.

పడకగదినీ చూడాలి. ఏళ్ల తరబడి మార్చని పత్తి పరుపులో, దిండులో కంటికి కనిపించని దుమ్ము పురుగులు పెరుగుతాయి. మంచం కింద వెలిగించే మస్కిటో కాయిల్ మరీ ప్రమాదకరం. ఒక్కటి పూర్తిగా కాలితే 75కు పైగా సిగరెట్లు వదిలేంత సూక్ష్మ ధూళి వెలువడుతుందని లెక్కగట్టారు. తలుపులు మూసిన గదిలో పసిపిల్లలు రాత్రంతా పీల్చేది అదే. దోమతెర కడితే ఆ బెడద ఉండదు.

రాత్రి ముడుచుకున్న నాళాలు పగటికి సర్దుకుంటాయి. పదకొండు గంటలకు ఆస్పత్రికి వెళ్తే స్టెతస్కోపుకు పిల్లికూతలు దొరకకపోవచ్చు, ఊదించే పరీక్షా బాగానే రావచ్చు. అందుకే గాలి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇంట్లో ఉండాలి. గుండెల నిండా గాలి పీల్చి, ఆ గొట్టంలోకి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది, అన్నిటికంటే పెద్ద అంకెను రాసుకోవాలి. నిద్ర లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా రెండు వారాలు రాస్తే, రాత్రి జరిగే నష్టం కాగితం మీద కనిపిస్తుంది.

చికిత్సకు మూలం రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అది వాపును తగ్గిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే నాళాలను తాత్కాలికంగా విప్పే సాల్బ్యుటమాల్ పీల్చి ఊరుకోవడం చాలదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లోనే స్పష్టం చేశాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం నిరాధారం. వైద్యుడిని అడగకుండా మెడికల్ షాపులో కొనే నిద్రమాత్రలు మాత్రం శ్వాసనే మందగింపజేయగలవు. పెద్దగా గురక, పగలంతా మగత ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో పరీక్షించుకోవాలి.

ప్రపంచ ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం భారత్‌లో ఉంటే, మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే సంభవిస్తున్నాయి. ఏటా మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం బారులు తీరే వేలమంది, దానితో ఉబ్బసం తగ్గుతుందని ఆశపడుతున్నారు. శాస్త్రీయంగా రుజువు కాని ఆ ఆశకు వారిని నెట్టేది అందని వైద్యమే. జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో స్టెరాయిడ్ అయిన బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్ ఉంది. బీపీ, షుగర్ మాత్రల మాదిరే దాన్నీ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఇవ్వాలి. ఇచ్చే ముందు, గత నాలుగు వారాల్లో ఆయాసంతో ఎన్ని రాత్రులు లేచారో ప్రతి రోగినీ తప్పక అడగాలి.