దూరమే సంభావ్యత కాదు
సపోర్ట్ వెక్టర్ మెషీన్ అనే వర్గీకరణ పద్ధతి రెండు తరగతుల మధ్య వీలైనంత ఎడం ఉండేలా సరిహద్దు గీసి, కొత్త అంశం దానికి ఏ పక్కన, ఎంత దూరంలో ఉందో మాత్రమే చెబుతుంది కనుక, ఆ దూరాన్నే సంభావ్యతగా, అంటే 0 నుంచి 1 లోపు అవకాశపు కొలతగా, చదువుకోవడం పొరపాటు. 1999లో జాన్ ప్లాట్ ప్రతిపాదించిన పద్ధతి ఆ దూరాన్ని సిగ్మాయిడ్ అనే ఎస్ ఆకారపు వక్రరేఖ ద్వారా సంభావ్యతగా మారుస్తుంది. అయితే ఆ రేఖను శిక్షణకు వాడిన ఉదాహరణలతోనే సరిచేస్తే అంచనాల్లో లేనిపోని ధీమా చేరుతుంది, అందుకే లిబ్‌ఎస్‌వీఎం అనే సాఫ్ట్‌వేర్ దత్తాంశాన్ని 5 భాగాలు చేసి, పక్కన పెట్టిన భాగంపై వచ్చిన దూరాలనే అందుకు తీసుకుంటుంది. ఇంత చేసినా, సరిహద్దు చేరువలోని అంశాన్ని వర్గీకరణ ‘అవును’ అంటుండగా సంభావ్యత 0.5 కంటే తక్కువ పలకడం కద్దు. రోగనిర్ధారణలో 0.9 వచ్చిన ప్రతి వందమందిలో తొంభైమందికి అటూఇటూగా నిజంగా జబ్బు ఉందో లేదో విడి దత్తాంశంపై సరిచూడకుండా ఆ అంకెను వైద్యుడి ముందు పెట్టడం రోగికి చేసే అన్యాయం.